కప్పును కాచుకొందాం

(మన పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి ఉత్సవ సమయంలో సాహిత్యాన్ని గురించి, సంస్కృతిని గురించి మాట్లాడదగిన పెద్దలు ఈ వేదికపై ఎందరో ఉన్నారు. నేను ఇటుకతో, సిమెంటుతో నలుబది ఏండ్లు గడిపిన వాడను. తెలిసిన విషయమే మాట్లాడమని మన కార్యదర్శిగారు అనుమతించారు కనుక ఈ పూట మన నెత్తిమీది కప్పును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఈ సభలో దుకాణాలు, గోదాములు, కల్యాణ మండపాలు, నర్సింగ్ హోములు, హోటళ్ళు నడుపుతున్న పూర్వ విద్యార్థులు చాలమంది కనిపిస్తున్నారు. నా మాటలు ముఖ్యంగా వారికోసం.

నేను చదువుకొన్న రోజుల్లో మన పాఠశాలకు గూన పెంకుల కప్పు ఉండేది. కోతులు దూకి పెంకులు కదిపేవి. వాన వచ్చిందంటే బల్లలు ఒక మూలకు జరుపుకొని కూర్చునేవాళ్ళం. అయితే ప్రతి సంవత్సరం మృగశిర కార్తెకు ముందు ఒక పనివాడు నిచ్చెన వేసుకొని పైకెక్కి, పగిలిన పెంకులు తీసి, కొత్తవి పెట్టి, కప్పు అంతా సరిచేసి దిగేవాడు. అది ఏటేటా జరిగే పని. తరువాత స్లాబు వచ్చింది. స్లాబు వచ్చిన నాటినుండి కప్పు ఎక్కి చూసే అలవాటు మనకు తప్పిపోయింది. కాంక్రీటు వేశాము కదా, ఇక నూరేండ్లదాకా చింత లేదనుకొన్నాము. ఆ నిశ్చింతే అనేక భవనాల ఆయుష్షును హరించింది.

మన చంద్రపూరు కప్పు ఎంతటి పరీక్షకు నిలబడవలసి ఉన్నదో ఒక్కసారి ఆలోచించండి. 2019 మే నెల చివరిలో ఇక్కడ ఉష్ణోగ్రత 48 డిగ్రీలకు చేరింది. అది నీడలో కొలిచిన గాలి వేడి. ఆ సమయంలో ఎండలో ఉన్న నల్లని కప్పు ఉపరితలం 70 డిగ్రీలు దాటడం వింత కాదు. అటు తరువాత నెల తిరగకుండానే వర్షాలు మొదలై, నాలుగు నెలల్లో వెయ్యి మిల్లీమీటర్లకు మించిన నీరు ఆ కప్పుమీదే పడుతుంది. వేసవిలో కాలి, వానలో నాని, శీతకాలపు రాత్రుల్లో ముడుచుకొని, మరల వేసవిలో కాలడం, ఇదీ దాని సంవత్సర చక్రం.

వేడికి కాంక్రీటు సాగుతుంది. 30 మీటర్ల పొడవైన స్లాబు 30 డిగ్రీల తేడాకు సుమారు 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చల్లబడగానే తగ్గుతుంది. ఇది పగలూ రాత్రీ జరిగే పని. ఆ కదలికకు తావు ఇవ్వకపోతే పిట్టగోడ మొదట్లో సన్నని చీలిక పుడుతుంది. అందులోకి నీరు దిగుతుంది. ఆ నీరు లోపలి ఇనుప కడ్డీని చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుముకన్న రెట్టింపునకు మించిన చోటు కావాలి. చోటు లేనందువల్ల అది పై కాంక్రీటును పగులగొట్టుకొని బయటికి వస్తుంది. మీ దుకాణం లోపలి కప్పునుండి పెచ్చులు రాలుతున్నాయంటే, దాని కారణం ఏండ్ల క్రితమే పైన మొదలైనదని గ్రహించండి. అంటే వేడి, నీరు అనేవి వేరువేరు శత్రువులు కావు. వేడి తలుపు తెరుస్తుంది, నీరు లోపలికి వస్తుంది. కప్పును చల్లగా ఉంచే పని, ఎక్కువకాలం నిలిపే పని ఒక్కటే అని నేను చెప్పడంలోని భావం ఇదే.

ఈ సత్యం నాకు పుస్తకాలవల్ల అబ్బలేదు. నా పొరపాటు నేర్పింది. ఆ సంగతి మీ ముందు దాచడం భావ్యం కాదు.

చాలకాలం క్రితం మన ప్రాంతంలో ఒక రెండంతస్తుల వ్యాపార భవనం పని నా చేతిమీదుగా జరిగింది. కింద దుకాణాలు, పైన బట్టలు కుట్టే హాలు. మూడవ సంవత్సరమే కప్పు కారింది. యజమాని నన్ను పిలిపించాడు. నీరు నిలుస్తున్నదని తెలిసికూడా, వాలు సరిచేయడానికి అయ్యే ఖర్చు చూసి వెనుదీసి, పైన నల్లని తారు పొర పరిపించాను. కారడం ఆగింది. యజమాని సంతోషించాడు, నేనూ సంతోషించాను. మరుసటి మే నెలలో ఆ హాలులో మధ్యాహ్నం దాటితే కూర్చోవడం కష్టమైపోయింది. పదిమంది ఆడవాళ్ళు కుట్టుమిషన్ల ముందు తడిగుడ్డలు తలకు చుట్టుకొని పనిచేసేవారు. యజమాని నాలుగు కూలర్లు కొన్నాడు. కరెంటు బిల్లు పెరిగింది. నాలుగేండ్లకు ఎండలో ఎండిన తారు పొర అతుకుల దగ్గర పైకి లేచింది. మరల కారింది. ఈసారి దానిపై ఇటుక ముక్కల కోబా వేశారు. అదీ కారితే దానిపై మరొకటి. ఒకనాటి ఉదయం, పనివాళ్ళు రాకముందు, కప్పునుండి పెద్ద పెచ్చు ఊడి ఒక కుట్టుమిషన్‌పై పడింది. ఒక గంట ఆలస్యంగా పడి ఉంటే ఒక తల్లి ప్రాణం పోయేది. పైన తవ్వి చూస్తే పొరపై పొరగా తొమ్మిది అంగుళాల మందం తేలింది. ఒక్కొక్క చదరపు మీటరుపై నాలుగువందల కిలోలకు పైబడిన బరువు ఆ స్లాబు మోస్తున్నది. దాన్ని ఆ బరువుకోసం మేము కట్టలేదు. ఆ తప్పు మొదటి మెట్టు నాదే. వాలు సరిచేయవలసిన చోట పూత పూయించాను. చల్లబరచవలసిన కప్పును నల్లబరచాను.

ఇక అందుకు విరుగుడు ఏమిటో చూద్దాం. తెల్లనిది ఎండను తిప్పికొడుతుంది, నల్లనిది తాగుతుంది. తెల్ల చొక్కా, నల్ల గొడుగు తెలిసిన మనకు ఇది కొత్త కాదు. కొత్తగా పూసిన మంచి తెల్లని పూత తనపై పడిన సూర్యశక్తిలో సుమారు 80 శాతాన్ని వెనక్కి పంపుతుంది. తారు పొర పంపేది 5 శాతం మాత్రమే. మామూలు కాంక్రీటు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. దీనితోపాటు మరొక గుణం కూడా కావాలి. తాగిన కొద్ది వేడినైనా ఆకాశానికి తిరిగి విడుదల చేసే శక్తి అది. మెరిసే ఇనుప రేకు ఎండను కొంత తిప్పికొట్టినా, తాగిన వేడిని వదలదు. అందుకే రేకుల షెడ్డు కొలిమిలా మండుతుంది. తెల్లని పూతకు ఈ రెండు గుణాలూ ఉన్నాయి.

ఇది అమెరికాలో చెల్లుతుందేమో, మన ఎండలో చెల్లుతుందా అని కొందరు అడుగుతారు. తెలంగాణ రాజధాని అయిన హైదరాబాదులోనే దీన్ని కొలిచి చూశారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు చెందిన శాస్త్రజ్ఞులు, హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి చెందిన విశాల్ గార్గ్ మొదలైన వారు కలిసి, వాణిజ్య భవనాల కప్పులపై పరికరాలు అమర్చి చేసిన పరిశీలన ఫలితాలు 2012లో ప్రకటితమైనవి. నల్లని కప్పును తెల్లగా మార్చినపుడు ఒక్కొక్క చదరపు మీటరు కప్పుకు ఏడాదికి 20 నుండి 22 యూనిట్ల విద్యుత్తు ఆదా అయినది. చల్లబరచడానికి అయ్యే విద్యుత్తులో ఇది 14 నుండి 26 శాతం. ఏ పూతా లేని కాంక్రీటును తెల్లగా చేసినపుడు 13 నుండి 14 యూనిట్లు, అనగా 10 నుండి 19 శాతం మిగలగలదని అంచనా వేశారు.

ఈ అంకెను మన దుకాణానికి అన్వయించి చూడండి. 500 చదరపు మీటర్ల కాంక్రీటు కప్పు ఉన్న ఏ.సి. షోరూము అనుకొందాం. ఏడాదికి 6,500 నుండి 7,000 యూనిట్లు మిగులుతాయి. మీ బిల్లులోని యూనిట్ ధరతో గుణించుకొంటే లాభమెంతో మీకే తెలుస్తుంది. అయితే ఒక హెచ్చరిక. ఈ లెక్క రోజంతా ఏ.సి. నడిచే భవనానిది. మీ భవనంలో ఏ.సి. మూడు నెలలే నడిస్తే ఆదా ఆ మేరకు తగ్గుతుంది. ఆ లాభం దాదాపు అంతా పై అంతస్తుకే చెందుతుంది. నాలుగంతస్తుల భవనంలో కింది దుకాణంవాడు దీనివల్ల పెద్దగా ఆశించరాదు. ఏ.సి. లేని చోట ఆదా బిల్లులో కనిపించదు, మనుషుల ఒంటిమీద కనిపిస్తుంది. హైదరాబాదులో ఒక బస్తీలో 25 పేద ఇండ్ల కప్పులపై తెల్లని పొర పరిచి చూసినపుడు ఇంటిలోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినది. తడిగుడ్డ చుట్టుకొని మిషన్ తొక్కే తల్లికి ఆ రెండు డిగ్రీల విలువ మనకంటే బాగా తెలుసు.

ఈ అనుభవాల ఆధారంగా తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. ఐదేండ్లలో రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లని కప్పుగా మార్చాలని, అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాదులోనే ఉండాలని అది లక్ష్యంగా పెట్టుకొన్నది. కొత్తగా కట్టే ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే నివాసాలకు దీన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో పెద్ద వాణిజ్య భవనాలకోసం 2007లో మొదట వెలువడి, 2017లో సవరించబడిన ఇంధన పొదుపు నిర్మాణ నియమావళికూడా, సౌరఫలకాలు లేని కప్పు భాగం చల్లని కప్పుగానో, మొక్కలు పెంచిన కప్పుగానో ఉండాలని చెప్పినది. మన అన్నదమ్ములు గోదావరి, ప్రాణహితల ఆవలి ఒడ్డున చేస్తున్న పని మనం ఈవలి ఒడ్డున చేయకూడదా?

అయితే బజారుకు వెళ్ళి తెల్లని డబ్బా ఒకటి కొని తెచ్చి పూసినంతమాత్రాన పని పూర్తి కాదు. దీనికి ఒక వరుస ఉన్నది. ఆ వరుస తప్పడంవల్లనే నేను చెడిపోయాను.

మొదటిది నీటి దారి. వాన వెలిసిన గంటకు కప్పు ఎక్కి చూడండి. ఎక్కడ నీరు నిలిచినదో అక్కడ సుద్దతో గీత గీయండి. వంద అడుగులకు కనీసం ఒక అడుగు వాలు ఉండాలి. నిలిచిన నీరు ఒక్క సెంటీమీటరు లోతు ఉన్నా చదరపు మీటరుకు పది కిలోల బరువు. వాన గొట్టాల మూతుల దగ్గర ఆకులు, పాలిథీన్ సంచులు అడ్డుపడకుండా జాలీ పెట్టించండి. వాలు సరిచేసేటపుడు పాత పొర తీయించి కొత్తది వేయాలేగాని పాతదానిపై కొత్తది పరచరాదు.

రెండవది చీలికలు. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను గుండ్రంగా మలచి, చీలికలను సాగే గుణమున్న పదార్థంతో నింపి, ఆపైన నీటిని ఆపే పూత వేయించాలి. కడ్డీకి తుప్పు పట్టి ఉంటే ముందుగా దాన్ని శుభ్రపరచి బాగుచేయించాలి. లోపల పుండు ఉండగా పైన కట్టు కట్టరాదు.

మూడవది వేడిని ఆపే పొర. కొత్త భవనం కట్టేవారు స్లాబుపై నురుగు పలకల వంటి ఉష్ణ నిరోధకాన్ని పరచి, దానిపై తేలికపాటి కాంక్రీటు వేయించుకొంటే రాత్రికూడా కప్పునుండి సెగ దిగదు. పాత భవనంలో దీనికి ముందు స్లాబు ఎంత బరువు మోయగలదో ఇంజనీరుచేత లెక్క కట్టించండి.

నాలుగవది, ఆఖరిది తెలుపు. దీనికి స్తోమతునుబట్టి మూడు మార్గాలు. సున్నం కొట్టించడం అన్నిటికన్న చవుక. కాని ఒకటి రెండు వానలకే వెలిసిపోతుంది కనుక ఏటా కొట్టించాలి. సాగే గుణమున్న తెల్లని యాక్రిలిక్ పూత కొన్నేండ్లు నిలుస్తుంది. తెల్లని పింగాణీ పలకల ముక్కలు పరిపించడం మొదట్లో ఖరీదైనా దశాబ్దాలు ఉంటుంది, తుడిస్తే మరల తెల్లబడుతుంది. పనిముక్కలు అమ్మే దుకాణాల్లో పగిలిన పలకలు చవుకగా దొరుకుతాయి. మన తాతలు డంగు సున్నంలో బెల్లపు నీరు, కరక్కాయ రసం కలిపి మిద్దెలపై గచ్చు చేయించేవారు. ఆ గచ్చు తెల్లగానే ఉండేది. చల్లదనం, గట్టిదనం రెండూ ఒకే పనిలో సాధించాలన్న తెలివి మనకు కొత్త కాదు.

రేకుల షెడ్లు ఉన్నవారికి ఒక మాట. రేకు జారకముందు దాని మేకు జారుతుంది. హుక్కుల దగ్గర రబ్బరు వాషర్లు ఎండకు ఎండి పగులుతాయి. ఏటా వాటిని మార్పించండి. ఆపైన తుప్పును గీకించి, తెల్ల పూత వేయించి, కింద ఉష్ణ నిరోధకపు పొర కట్టించండి. సిమెంటు ఆస్బెస్టాస్ రేకులు ఉంటే వాటిని పొడిగా గీకరాదు, కోయరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. కప్పుపై సౌరఫలకాలు పెట్టించాలనుకొనేవారు ముందుగా కారడం మాన్పించండి. ఫలకం పాతికేండ్లు ఉంటుంది, కింద కప్పు చెడితే ఫలకాలన్నీ విప్పవలసి వస్తుంది. స్లాబుకు రంధ్రాలు వేసే పని వాటర్ ప్రూఫింగ్ చేసినవాని కళ్ళముందే జరగాలి.

ఇక మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఇక్కడ తెల్లనిది తెల్లగా ఉండదు. ఒకవైపు బొగ్గు గనులు, మరొకవైపు 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, చుట్టూ సిమెంటు కర్మాగారాలు. ఉతికి ఆరవేసిన పంచె సాయంత్రానికి ఏ రంగుకు వస్తుందో మన ఇల్లాండ్రను అడగండి. కప్పు గతీ అంతే. తెల్ల పూత మొదటి ఏడాదిలోనే ధూళివల్ల తన శక్తిలో కొంత కోల్పోతుంది. పూత పోలేదు, మురికి పట్టినది, అంతే. హోలీ పండుగ దాటగానే, ఎండలు ముదరక ముందు, నీళ్ళు, చీపురు పెట్టి కప్పు కడిగించండి. ఒక పూట పని. ఆ కడిగిన పూటే చీలికలు కూడా కంటపడతాయి. వానకు ముందు మరొకసారి ఎక్కి గొట్టాలు చూడండి. ఏడాదికి రెండు పూటలు కప్పుపై గడిపే యజమానికి ఐదేండ్లకొకసారి కోబా వేయించే అవసరం రాదు.

మిత్రులారా, ఈ ఊరిలో మన తెలుగువారి చరిత్ర బొగ్గుతో ముడిపడి ఉన్నది. కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలనుండి వచ్చి గనిలోకి దిగిన తాతలు, తండ్రులు మనలో చాలమందికి ఉన్నారు. ఒక యూనిట్ విద్యుత్తు పుట్టించడానికి సుమారు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. ఇందాక చెప్పిన షోరూము కప్పు తెల్లబడితే ఏడాదికి నాలుగు టన్నుల పైచిలుకు బొగ్గు భూమిలోనే మిగులుతుంది. ఆ బొగ్గును తవ్వడంలో ఎంత చెమట ఉన్నదో ఎరిగిన ఇండ్లనుండి వచ్చిన మనం దాన్ని కప్పుమీద వృథాగా కాల్చరాదు.

చివరిగా ఒక విన్నపం. జూబ్లీ కానుకగా మన సభామందిరానికి ఏ.సి. యంత్రాలు బహూకరించాలని పూర్వ విద్యార్థులు సంకల్పించారు. వారి ఔదార్యానికి శతవిధాల అభినందనలు. అయితే నిన్న సాయంత్రం నేను నిచ్చెన వేయించుకొని ఆ మందిరం కప్పు ఎక్కాను. ఈశాన్య మూల రెండు గొట్టాలు మట్టితో పూడి ఉన్నవి. పిట్టగోడ పొడవునా చీలిక ఉన్నది. స్లాబు నల్లగా, పాచిపట్టి ఉన్నది. ఈ కప్పుకింద యంత్రాలు పెట్టడమంటే చిల్లికుండలో నీరు పోయడమే. పోగైన విరాళంలో ముందు కొంత కప్పుకు కేటాయించండి. వాలు, చీలిక, తెలుపు ఈ వరుసలో పని చేయించి, ఒక వేసవి గడిచాక ఎన్ని యంత్రాలు నిజంగా కావాలో చూడండి. మీరు అనుకొన్నదానికంటే తక్కువే చాలవచ్చు. మిగిలిన డబ్బుతో పిల్లలకు పుస్తకాలు కొనవచ్చు. పనిని పైసా తీసుకోకుండా దగ్గరుండి చేయించే బాధ్యత నాది. నిచ్చెన ఎక్కే శక్తి నాకు ఇంకా మిగిలే ఉన్నది.

మా రోజుల్లో పెంకులు సరిచేయడానికి వచ్చిన ఆ పనివాని పేరు మనలో ఎవరికీ గుర్తులేదు. కాని అతడు ఏటేటా ఎక్కి దిగబట్టే మేము పొడి పుస్తకాలతో చదువుకొన్నాము. నూరేండ్ల పండుగనాడు ఈ మందిరంలో కూర్చునే పిల్లలకు కూడా మన పేర్లు తెలియనవసరం లేదు. వారి నెత్తిన చల్లని కప్పు ఉంటే చాలు.